పాటకు కూర్చునే పిల్లాడు పాఠానికి ఎందుకు లేస్తాడు?

“ఫోన్లో పాటలు పెడితే పొద్దుగూకులు కదలడు. అదే ఫోన్లో సార్ పాఠం పెడితే ఇసిరికొడతాడు. ఎందుకిట్ల?”

ఆటిజం ఉన్న పిల్లలను పెంచేవాళ్లు ఎక్కడివాళ్లయినా ఏదో ఒకనాడు అడిగే ప్రశ్న ఇది. కర్నూలు జిల్లా ఆలూరు, హొళగుంద, హాలహర్వి వైపు పల్లెల్లో చాలా ఇళ్లలో దీన్ని అడగాల్సి వచ్చేది అవ్వకే. ఖరీఫ్ పంట చేతికొచ్చో, రాకుండా పోయో, అమ్మానాన్న సుగ్గికి గుంటూరు దిక్కు మిరపకాయ కోతలకు పోయి ఉంటారు. పిల్లాడూ, ఫోనూ, అవ్వా ఇంట్లో మిగులుతారు. ఒక్కోసారి ఆ ఫోను కూడా నాన్నతోనే పోతుంది.

ఈ ప్రశ్నను మొండితనమనో, గారాబమనో కొట్టెయ్యకూడదు. ఆటిజం ఉన్న పిల్లలకు ఆన్‌లైన్ చదువు ఎక్కడ కలిసొస్తుందో, ఎక్కడ ఎదురుతిరుగుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి మొదలు దొరకదు.

పాటలో ఏముందో చూడండి. ఎన్నిసార్లు పెట్టినా ఒకే తీరుగా మొదలవుతుంది, ఒకే తీరుగా ముగుస్తుంది. పాడే మనిషి మధ్యలో ఆగి “ఏరా, అర్థమైందా? ఇటు చూడు” అనదు. నచ్చిన చోటికి వెనక్కి జరుపుకోవచ్చు. గోల ఎక్కువైతే తగ్గించుకోవచ్చు, చాలనిపిస్తే ఆపేసుకోవచ్చు. అంతా పిల్లాడి చేతిలోనే ఉంది.

లైవ్ క్లాసులో ఇవన్నీ తలకిందులవుతాయి. పది గంటలకన్న క్లాసు పదింబావుకు మొదలవుతుంది. సిగ్నల్ పోతే సార్ ముఖం సగం నోరు తెరుచుకుని ఆగిపోతుంది, గొంతు తెగి తెగి వస్తుంది. చిన్న చిన్న గళ్లలో ఇరవై ముప్పై ముఖాలు కదులుతుంటాయి. ఒకరింట్లో కుక్కరు కూత, ఇంకొకరింట్లో టీవీ, వీధిలో మైకు. వీటన్నిటి మధ్య ఉన్నట్టుండి తన పేరు వినబడుతుంది. వెంటనే జవాబు చెప్పాలి, అందరూ తనవైపే చూస్తున్నారు. మనకు అలవాటైపోయిన ఈ గందరగోళం ఆ పిల్లాడికి ఒంటిమీద దెబ్బలాంటిది.

ఆటిజం అంటుకునే జబ్బు కాదు, పెంపకంలో లోటూ కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా అది. 1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో దీనికి వైద్యంలో విడిగా ఒక పేరు వచ్చింది. ఉన్నది ఉన్నట్టే ఉండాలని, ఏదీ మారకూడదని ఆ పిల్లలు గట్టిగా పట్టుబట్టడం కానర్ అప్పుడే గమనించి రాశారు. పాట విషయంలో మనం చూస్తున్నది అదే. 2021 నాటికి ప్రపంచంలో 127 మందిలో ఒకరికి ఆటిజం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కన అయిదారు వందల మంది చదివే హైస్కూలు ఉంటే నలుగురైదుగురు అక్కడ ఉండొచ్చు. వాళ్లలో చాలామందికి ఆ పేరు ఎవరూ పెట్టి ఉండరు. మాట రానివాడని, మొండివాడని, తిక్కవాడని అనేసి ఊరుకుని ఉంటారు.

అందరిలోనూ ఒకేలా ఉండదు. కొందరికి మాటలు అసలు రావు. కొందరు విన్న మాటనే తిరిగి చెబుతారు. కొందరు గణితంలో, రైళ్ల సమయాల్లో, బొమ్మలు గీయడంలో పెద్దవాళ్లను దాటిపోతారు గానీ పక్కవాడితో ఆట మొదలుపెట్టడం రాదు. చాలామందికి చెవులు, కళ్లు, చర్మం మనకన్నా ఎక్కువ పట్టుకుంటాయి, లేదా బాగా తక్కువ పట్టుకుంటాయి. చుట్టూ పది చప్పుళ్లు ఉంటే అక్కర్లేని తొమ్మిదింటిని మన మెదడు తనంతట తానే పక్కకు నెట్టేస్తుంది. వాళ్లకు పదీ ఒకే జోరుగా వినిపించవచ్చు.

ఆన్‌లైన్ తరగతిలో టీచర్లు ఎక్కువగా పొరబడే చోట్లు రెండున్నాయి. మొదటిది చూపు. పిల్లాడు తెర వైపు చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చుంటే వినడం లేదనుకుంటాం. ముఖంలోకి చూస్తే మాట వినబడదనీ, పక్కకు చూస్తేనే వినగలననీ ఆటిజం ఉన్నవాళ్లు ఎంతోమంది పెద్దయ్యాక రాశారు. అందుకే “కెమెరా ఆన్ చెయ్, ఇటు చూడు” అనే పట్టుదల ఈ పిల్లల విషయంలో పూర్తిగా మానేయాలని నా అభిప్రాయం. హాజరు తెలియాలంటే చాట్‌లో ఒక బొమ్మ నొక్కమంటే చాలు.

రెండోది మాట. ఈ పిల్లల్లో చాలామంది మాటను అన్నది అన్నట్టే తీసుకుంటారు. “ఒక్క నిమిషంలో వస్తా” అని సార్ వెళితే, అరవై సెకన్లు కాగానే సార్ రాలేదని ఏడుపు లంకించుకోవచ్చు. “ఎవరైనా చెప్పండి” అంటే ఆ ఎవరైనా తానే అని తెలియకపోవచ్చు. “పదో పేజీ తియ్యి. మూడో లెక్క చెయ్యి. అయిపోయాక బొటనవేలు బొమ్మ పెట్టు” అని ఒక్కో పనీ ఒక్కో వాక్యంగా చెప్పి, అదే చాట్‌లో రాసి పెడితే ఎంతో తేడా వస్తుంది. మాట గాలిలో కలిసిపోతుంది, రాసింది అక్కడే ఉంటుంది. బోర్డు మీద రాత మరుక్షణం చెరిగిపోయే తరగతి గదికన్నా ఇక్కడ తెరే మెరుగు.

మన రాష్ట్రంలో ఈ సంగతులు పెద్దయెత్తున బయటపడింది 2020లో. మార్చిలో బడులు మూతపడ్డాయి. నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు తలుపులు తెరిచేదాకా చదువంతా టీవీలోనూ ఫోన్లోనూ నడిచింది. ఇక్కడ దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా మూడు నుంచి పదో తరగతి దాకా చెప్పారు. లక్షలమందికి ఒకేసారి పాఠం అందించాలంటే అంతకన్నా దారి లేదు. కానీ టీవీ పాఠాన్ని ఆపడానికి లేదు, వెనక్కి తిప్పడానికి లేదు. పాటలో పిల్లాడి చేతిలో ఉన్న పెత్తనం ఇందులో లేదు. ఫోను ద్వారా వచ్చిన చదువేమో చాలాచోట్ల వాట్సాప్ గ్రూపులో పడే వర్క్‌షీట్ల వరసగా మారింది. ఒకదాని వెంట ఒకటి వచ్చిపడే ఫొటోల్లో తనకు ఏది, ఎప్పటికి, ఎంత అన్నది తేల్చుకోవడం మామూలు పిల్లలకే కష్టం.

ఆ ఏడాది జులైలో కేంద్ర విద్యాశాఖ ‘ప్రజ్ఞాత’ పేరుతో మార్గదర్శకాలిచ్చింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు రెండు క్లాసులకు మించవద్దని, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలే ఉండాలని చెప్పింది. ఆటిజం ఉన్న పిల్లాడికి ఆ 30 నిమిషాలు కూడా ఒక్క బిగిన కాకుండా పది, పది, పదిగా విరగ్గొట్టుకోవాలి. తర్వాత 2021 జూన్‌లో వైకల్యమున్న పిల్లల కోసం డిజిటల్ పాఠాలు ఎలా తయారుచేయాలో మరో మార్గదర్శకం వచ్చింది. కాగితం మీద మంచి దారే పడింది.

2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ, వాళ్లకు చెప్పే టీచర్లకూ కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. వాటిలో బైజూస్ పాఠాలు ముందే నింపి ఇచ్చారు, నెట్ లేకున్నా నడిచేవి. ట్యాబుల మీద రాజకీయంగా ఎంత వాదన జరిగినా, ఆ పాఠాలు ఆటిజం ఉన్న పిల్లాడికి పనికొచ్చే తీరులో ఉన్నాయన్నది మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. సిగ్నల్ గొడవ లేదు. ఆపుకోవచ్చు, ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు. ఎదురుగా ఎవరూ ప్రశ్న వేయరు. పాటకున్న గుణాలన్నీ ఈ పాఠానికీ ఉన్నాయి. లోటు వేరేచోట ఉంది. ఇలాంటి సాయం అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చేది ఒకటి నుంచి అయిదో తరగతి దాకా, మాటా రాతా కుదురుకునే వయసులో. ట్యాబు చేతికొచ్చింది ఎనిమిదో తరగతిలో. అప్పటికి ఎంతమంది ఈ పిల్లలు బడి మానేసి ఉంటారో ఆలోచించాలి.

సరే, ఇప్పుడు ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌తో ఏం చేయొచ్చు? ఒక అరగంటను దగ్గరగా చూద్దాం.

పాత క్యాలెండరు అట్ట ఒకటి తీసుకోండి. దాని మీద వరసగా నాలుగు బొమ్మలు పెట్టాలి: ఫోను, పలక, బంతి, ఉగ్గాని గిన్నె. గీయడం రాకపోతే ఇంట్లో ఉన్న వస్తువులనే ఫొటో తీసి ఆదోనిలోనో ఆలూరులోనో జిరాక్సు షాపులో ప్రింటు తీయించుకోవచ్చు. ఒక్కో బొమ్మకూ ఒక బట్టల క్లిప్పు. పాఠం మొదలుపెట్టే ముందు అవ్వ ఆ అట్టను పిల్లాడి ముందు పెట్టి వేలితో చూపిస్తుంది: “ముందు ఫోను. తర్వాత పలక. తర్వాత బంతి. తర్వాత ఉగ్గాని.” అంతే, అంతకన్నా మాటలొద్దు. ఒక్కో పనీ అయిపోగానే పిల్లాడే ఆ క్లిప్పు తీసి డబ్బాలో వేస్తాడు. ఏం జరగబోతోందో, ఎప్పుడు అయిపోతుందో వాడికి కంటికి కనబడుతుంది. వాడి భయంలో సగం అక్కడే తీరుతుంది.

చోటు ఎప్పుడూ ఒకటే ఉండాలి. గోడ వైపు తిరిగి కూర్చునే మూల మంచిది. వీధి వాకిలి ఎదురుగా వద్దు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టించుకోకపోతే బలవంతం చేయొద్దు, కొందరికి ఆ ఒరుపే పడదు. ఫోనును చెంబుకు ఆనించి నిలబెడితే చేతులు ఖాళీగా ఉంటాయి. ఆ చేతుల్లో పట్టుకోవడానికి ఏదైనా ఇవ్వండి: తాడు ముక్క, మెత్తటి గుడ్డ, కుంకుడు గింజలు. పిల్లాడు ఊగుతుంటే ఊగనివ్వండి, చేతులు ఆడిస్తుంటే ఆడించనివ్వండి. తనను తాను స్థిమితపరచుకునే పద్ధతి అది. దాన్ని ఆపితే పాఠం కూడా ఆగిపోతుంది.

ఇక పాఠం. పది నిమిషాల ముక్క. సార్ లైవ్‌లో చెప్పేదే అయితే రికార్డు చేసి తర్వాత పంపమని అడగాలి. పిల్లాడికి బస్సులంటే ఇష్టమైతే తీసివేత బస్సులతోనే చెప్పండి. ఆదోని బస్సులో అయిదుగురు ఎక్కారు, ఆస్పరిలో ఇద్దరు దిగారు. ఇష్టమైనదాన్ని పిచ్చి అని దాచేయకుండా దాని మీదుగానే చదువులోకి పోవచ్చు. జవాబు నోటితోనే చెప్పాలన్న నియమం వద్దు. వేలితో చూపినా, టైపు చేసినా, మూడు బొమ్మల్లో ఒకటి నొక్కినా జవాబే. మాట రాని పిల్లలకు బొమ్మ నొక్కితే ఫోనే మాట పలికే యాప్‌లు ఉన్నాయి. చెన్నైలో పుట్టిన ‘ఆవాజ్’, ఐఐటీ బొంబాయి తయారుచేసిన ‘జెల్లో’ అలాంటివి. యాప్ అలవాటైతే నోటి మాట రాకుండా పోతుందన్న భయం చాలామందిలో ఉంది. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి.

ఆలూరు దిక్కు పిల్లలకు ఇంకో చిక్కుంది. ఇంట్లో కన్నడమో, ఉర్దూనో, లంబాడీ భాషో. వీధిలో తెలుగు. పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. ఆటిజం ఉందని తెలియగానే కొందరు ఇంటి భాష మానేసి ఒక్క భాషలోనే మాట్లాడమంటారు. రెండు భాషలు వినడం వల్ల ఈ పిల్లలకు మాట ఇంకా ఆలస్యమవుతుందనడానికి ఆధారం లేదు. అవ్వకు కన్నడమే వస్తే కన్నడంలోనే మాట్లాడాలి. రాని భాషలో ముక్కలు ముక్కలుగా మాట్లాడే అవ్వకన్నా, తన భాషలో నిండుగా మాట్లాడే అవ్వ ఆ పిల్లాడికి ఎంతో మేలు.

ఇంతకీ నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇది: ఆటిజం ఉన్న పిల్లాడి విషయంలో ఆన్‌లైన్ చదువు ముందు అందాల్సింది వాడి పక్కన కూర్చునే మనిషికి. ఇప్పటిదాకా మనం తెరను పిల్లాడి ముందు పెట్టి, అవ్వను ఫోను పట్టుకునే మనిషిగా చూశాం. దాన్ని తిరగేయాలి.

ఇది ఊహ కాదు. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది చిన్నపిల్లలతో ఒక పరీక్ష చేశారు. దాని ఫలితాలు 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చాయి. అక్కడ ఇళ్లకు వెళ్లింది స్పెషలిస్టులు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. వాళ్లు చేసిన పని చాలా సాదాగా ఉంటుంది. అమ్మ పిల్లాడితో ఆడుకుంటుంటే వీడియో తీస్తారు. తర్వాత అమ్మతో కూర్చుని అదే వీడియో చూస్తారు. “ఇక్కడ చూడమ్మా, వాడు బంతి వైపు చూసి ఆగాడు. నీతో ఏదో పంచుకుందామనుకున్నాడు. ఇక్కడ నువ్వు ఒక్క క్షణం ఆగి ఉంటే?” ఇలా. పిల్లాడు ఇచ్చే చిన్న చిన్న సైగలను గుర్తుపట్టడం, వాటికి తగ్గట్టు బదులివ్వడం అమ్మలు నేర్చుకున్నారు. పిల్లలు తమంతట తాము అమ్మతో సంభాషణ మొదలుపెట్టడం పెరిగింది.

ఈ పద్ధతికి కావలసింది వీడియో తీసే ఫోను, దాన్ని చూసి మాట్లాడే ఒక తెలిసిన మనిషి. రెండూ ఆలూరులో అసాధ్యం కాదు. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వాటిలో ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు చెప్పే సహిత విద్య టీచర్లు ఉంటారు. కదలలేని పిల్లల ఇళ్లకు వెళ్లి చెప్పే పనీ వాళ్లదే. ఒక మండలమంతా తిరగాలంటే ఒక్కో ఇంటికి ఎన్నాళ్లకు పోగలరు? అవ్వో అమ్మో పిల్లాడితో ఆడుకునే మూడు నిమిషాల వీడియోను వారానికొకటి ఆ టీచరుకు పంపితే, ఆమె చూసి, సాయంత్రం ఒక పావుగంట ఫోన్లో మాట్లాడితే, ఇంటికి పోయే రోజు దాకా పని ఆగదు. ఆ టీచరుకు చిక్కు వస్తే సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్ఐఈపీఐడీ, ఉంది. ఆలూరు నుంచి పిల్లాణ్ణి ఎత్తుకుని అంత దూరం పోవడమంటే కూలీ పోవడం, చార్జీలు, బస్సులో వాడి అవస్థ. తెర ఆ దూరాన్ని తగ్గిస్తే అంతకన్నా మంచి వాడకం దానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పిల్లలను చూసుకునేవాళ్ల కోసమే ఒక శిక్షణ తయారుచేసి, 2022లో దాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. అది మన భాషలో, చదువురాని అవ్వకు వినిపించే తీరులో భవిత కేంద్రాలకు చేరాలి.

ఒక హెచ్చరిక. ఆ వీడియోలు టీచరుకే పోవాలి, తరగతి గ్రూపులో పడకూడదు. పిల్లాడు అరుస్తూ, చెవులు మూసుకుని నేలమీద పొర్లాడే క్షణాన్ని పదిమందికి చూపించడం వాడికి చేసే అన్యాయం. అసలు అలాంటి క్షణంలో కెమెరా తీయనే కూడదు. ఫోను ఆపి, వెలుతురు తగ్గించి, మాటలు తగ్గించి, దగ్గరగా ఊరికే కూర్చోవాలి. ఆ రోజుకు పాఠం లేదు, అంతే.

హక్కుల సంగతి క్లుప్తంగా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతానికి తగ్గకుండా వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు. తరగతి మామూలుదైనా, ఆన్‌లైన్‌దైనా, పిల్లాడి అవసరానికి తగిన మార్పులు చేయడం బడి బాధ్యత అని ఆ చట్టమే చెబుతోంది. అంటే రికార్డు చేసిన పాఠం, కెమెరా మినహాయింపు, చాట్‌లో జవాబు అడగడం దయ చూపమని అడగడం కాదు. రాత పరీక్షలకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018లో కేంద్రం చెప్పింది. ఆన్‌లైన్ పరీక్షలో గడియారం టిక్కుటిక్కుమంటూ తెర మీద తిరుగుతుంటే, ఆ అదనపు సమయం పరీక్ష పెట్టేవాళ్లు ముందే అందులో మార్చి పెట్టాలి. మధ్యలో అడిగితే కుదరదు.

ధ్రువపత్రం కోసం డాక్టర్లు వాడేది ఇసా అనే 40 ప్రశ్నల కొలమానం. ఒక్కో దానికి 1 నుంచి 5 దాకా మార్కులు, మొత్తం 70 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆటిజం ఉన్నట్టు లెక్క. చాలా ప్రశ్నలకు జవాబు ఇంట్లో పిల్లాణ్ణి రోజూ చూసేవాళ్లే చెప్పాలి. కాబట్టి డాక్టరు దగ్గరికి అవ్వ కూడా పోవడం మంచిది. బడి స్థాయిలో అనుమానం ఉన్న పిల్లలను ముందుగా గుర్తించడానికి 2022లో వచ్చిన ‘ప్రశస్త్’ అనే యాప్ టీచర్ల దగ్గర ఉండాలి. ధ్రువపత్రం చేతికొచ్చాక నేషనల్ ట్రస్ట్ వాళ్ల ‘నిరామయ’ బీమాలో చేర్పిస్తే ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యానికి, థెరపీకి వస్తుంది.

ఆన్‌లైన్ చదువు బడికి బదులు కాకూడదన్నది కూడా గట్టిగా చెప్పాలి. ఇంట్లో తెర ముందు కుదురుగా కూర్చుంటున్నాడు కదా, ఇక బడికెందుకు అనే మాట ఇప్పుడిప్పుడే వినబడుతోంది. పక్కవాడి పక్కన కూర్చోవడం, వరసలో నిలబడి మధ్యాహ్న భోజనం తినడం, ఆటలో తన వంతు కోసం ఆగడం తెర నేర్పదు. బడిలో పడే కష్టాన్ని తగ్గించడానికి తెరను వాడుకోవాలి. రేపటి పాఠాన్ని ఈరోజే ఇంట్లో ఒకసారి చూసి పోతే, రేపు తరగతిలో అదే పాఠం వాడికి తెలిసిన పాట అవుతుంది.

సుగ్గికి ఇల్లు కదిలే కాలంలో ఇది మరీ ముఖ్యం. వలసపోయేవాళ్ల పిల్లల కోసం కర్నూలు పడమటి మండలాల్లో సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. కొత్త చోటు, కొత్త పడక, కొత్త చప్పుళ్లు తట్టుకోలేని ఈ పిల్లలు అక్కడ ఇమడటం కష్టం. అందుకే అవ్వ దగ్గర ఉంటారు, లేదా మిరప చేల పక్క గుడిసెల్లో ఉంటారు. బండెక్కే ముందు అమ్మానాన్న, టీచరు కలిసి ఒక కాగితం రాసుకోవాలి: వీడికి ఏది ఇష్టం, ఏ చప్పుడు పడదు, ఆకలైతే ఎలా సైగ చేస్తాడు, భయపడితే ఏం చేస్తే కుదుటపడతాడు, పాఠం ఏ పూట, అమ్మ ఫోను చేసేది ఏ పూట. అమ్మ ఫోను కూడా వాడికి ఆన్‌లైనే. రోజూ ఒకే వేళకు రావాలి. ఆ అట్ట మీద దానికీ ఒక బొమ్మ ఉండాలి. పని ఎక్కువై చేయలేని రోజు, ఆ సంగతి పొద్దున్నే అవ్వకు చెప్పి ఆ బొమ్మ తీయించాలి. ఆ కాగితం ఫొటో టీచరు ఫోన్లో, అవ్వ ఫోన్లో, గుంటూరులో ఉన్న నాన్న ఫోన్లో ఉండాలి. పిల్లాడు వాళ్ల వెంటే పోతే, అక్కడి బడిలో చేర్చుకునే హెడ్మాస్టరుకు ముందు చూపాల్సింది దాన్నే.